ఊరొచ్చేద్దామనుకుంటున్నారా? ముందు తేదీ తేల్చుకోండి, ఊరు తర్వాత

మొన్న సంక్రాంతికి మా బావగారూ అక్కా న్యూజెర్సీ నుంచి వచ్చారు. 24 ఏళ్ళయింది వాళ్ళు అక్కడికెళ్ళి, గ్రీన్‌కార్డు ఉంది గానీ పాస్‌పోర్టు మాత్రం మనదే, మార్చుకోలేదు. కనుమ నాడు భోజనాలయ్యాక బావగారు అరుగు మీద పడక్కుర్చీలో వాలి "ఏమోయ్, రిటైరయ్యాను కదా, ఇంక వచ్చేద్దామనుకుంటున్నాం. పాలకొల్లులో ఇల్లు చూడమంటావా, భీమవరంలో అపార్ట్‌మెంటా, రాజమండ్రి అయితే ఎయిర్‌పోర్టూ ఆస్పత్రులూ దగ్గర కదా" అని మొదలెట్టారు. నేను బ్యాంకులో చేసి, హైదరాబాద్ నుంచి ఊరొచ్చేసి నాలుగేళ్ళయింది, దాంతో ప్రతి పండక్కీ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, నేనూ అందరికీ చెప్పిందే చెప్తుంటాను. "బావగారూ, ఊరి సంగతి సాయంత్రం చూద్దాం, ముందు మీ పాస్‌పోర్టు పట్రండి."

ఇన్‌కంటాక్స్ వాళ్ళకి మనం పాలకొల్లులో ఉన్నామా పాలకోడేరులో ఉన్నామా అన్నది అక్కర్లేదండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇండియాలో ఎన్ని రోజులున్నాం, అంతకు ముందు ఏళ్ళలో ఎన్ని రోజులున్నాం, వాళ్ళు చూసేది ఇదే. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చింది, "టాక్స్ ఇయర్" అని పేరు మార్చారు గానీ ఈ రోజుల లెక్క పాతదే. ఏడాదిలో 182 రోజులు ఉంటే రెసిడెంటు. అంతకు ముందు నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవాళ్ళకి ఈ ఏడాది 60 రోజులే చాలు, రెసిడెంటైపోతారు, కాకపోతే చుట్టపుచూపుగా వచ్చిపోయే మన పాస్‌పోర్టు వాళ్ళకీ ఓసీఐ వాళ్ళకీ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే కార్డు అది) ఆ 60 బదులు 182 పెట్టారు, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన వాళ్ళకైతే 120.

టీవీ పక్కనున్న పాత శుభలేఖ తీసి, దాని వెనక పెన్సిల్‌తో ఆయన పాస్‌పోర్టు స్టాంపులన్నీ రాసుకుంటూ కూర్చున్నాం. ఏటా సంక్రాంతికి మూడు వారాలు, అంతే. నాలుగేళ్ళకీ కలిపి 84 రోజులు. అంటే 60 రోజుల గొడవ ఆయనకి లేదు, 182 ఒక్కటే చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పోలిక. జూలైలో వచ్చేయడమా, అక్టోబర్‌లో వచ్చేయడమా. వినడానికి మూడు నెలల తేడా, పన్నులో మాత్రం ఒక్కోసారి ఏడాది తేడా వచ్చేస్తుంది.

చాలా ఏళ్ళు బయటుండి వచ్చిన వాళ్ళని మన చట్టం ఒక్కసారే మీద పడి పట్టుకోదు, మధ్యలో ఒక మెట్టు పెట్టింది, దాన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. రెసిడెంటే గానీ పూర్తి రెసిడెంటు కాదన్నమాట. వెనకటి పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ఎన్నారైగా ఉన్నా, లేకపోతే వెనకటి ఏడేళ్ళలో ఇండియాలో 729 రోజులకి మించి లేకపోయినా ఈ మెట్టు మీద ఉన్నట్టే, రెంటిలో ఏదో ఒకటి చాలు. ఈ మెట్టు మీదున్నంత కాలం అమెరికా వడ్డీలూ, డివిడెండ్లూ, అక్కడి ఇంటి అద్దె, 401కే (అక్కడి రిటైర్‌మెంటు పొదుపు ఎకౌంటు) లోంచి తీసుకున్నదీ, షేర్లు అమ్మితే వచ్చిన లాభం, వీటి జోలికి మన వాళ్ళు రారు. ఒక్కటే షరతు, ఆ డబ్బు ముందు అక్కడి ఎకౌంటులో పడాలి, అక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చుకోవాలి. సరాసరి ఇక్కడి ఎకౌంటులో వేయించుకుంటే ఇండియాలో అందుకున్న ఆదాయం అయిపోతుంది, అప్పుడు పన్ను కట్టాల్సిందే.

బావగారు 2026 అక్టోబర్ 5న దిగితే మార్చి 31కి 178 రోజులు. 182కి తక్కువ, కాబట్టి ఆ ఏడాది ఎన్నారైయే. 2027-28లో వెనకటి పదేళ్ళూ ఎన్నారై, ఆర్‌ఎన్‌ఓఆర్. 2028-29లో వెనకటి పదేళ్ళలో తొమ్మిది ఎన్నారై, మళ్ళీ ఆర్‌ఎన్‌ఓఆర్. అంటే 2029 మార్చి దాకా నిశ్చింత. అదే జూలై 1న దిగితే ఆ ఏడాదే 274 రోజులు, రెసిడెంటైపోయారు, ఆర్‌ఎన్‌ఓఆరే అనుకోండి. 2027-28 కూడా గడిచిపోతుంది. 2028-29కి వచ్చేసరికి పదిలో తొమ్మిది అన్నది పోయింది, ఇంక 729 రోజుల లెక్కే దిక్కు. 274కి లీపు ఏడాది 366 కలిపితే 640, మిగిలింది 89. దానికి ముందు ఐదేళ్ళ పండగ ప్రయాణాలు మూడేసి వారాలు కలిపితే 105. పోయింది! పండగకి వచ్చి వెళ్ళిన రోజులు పదహారు ఎక్కువైనందుకు ఒక ఏడాది మొత్తం అమెరికా ఆదాయం ఇక్కడ లెక్కలోకొస్తుంది. బావగారు పెన్సిల్ పక్కన పెట్టి "కోడిపందేల కోసం వచ్చిన రోజులు కూడా లెక్కేనా" అన్నారు. ఆయ్, లెక్కేనండి. దిగిన రోజూ, ఎక్కిన రోజూ కూడా వేసుకోవడం క్షేమం.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు కదా, ఆ రిబేటు రెసిడెంట్లకే, ఎన్నారైలకి లేదు. ఇక్కడ ఏడాదికి 10 లక్షల వడ్డీ, అద్దె వచ్చే ఎన్నారైకి 4 లక్షలు పోను మిగతాదానికి సెస్సుతో కలిపి 41,600 పడుతుంది, అదే ఆదాయం ఉన్న ఆర్‌ఎన్‌ఓఆర్‌కి సున్నా. అంటే అక్కడి డబ్బుకి ఎన్నారై రక్షణ, ఇక్కడి డబ్బుకి రెసిడెంటు రిబేటు, రెండు చేతులా లాభం ఉన్న ఏళ్ళు ఆ రెండే. నా మటుకు నేను అక్కడి లెక్కలు ఏవైనా తెంచుకోవాలంటే ఆ రెండేళ్ళలోనే తెంచుకోమంటాను.

అమెరికా వైపు మాత్రం మరిచిపోకూడదు. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నంత కాలం, పౌరసత్వం ఉంటే ఎప్పటికీ, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా వాళ్ళకి లెక్క చెప్పాలి. మన ఎన్ఆర్ఈ డిపాజిట్ (ఎన్నారైలు అక్కడి డబ్బు తెచ్చి ఇక్కడి బ్యాంకులో వేసుకునేది) వడ్డీ ఇక్కడ పన్ను లేనిదైనా అక్కడ ఉంది, ఇక్కడి ఎకౌంట్లన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే వాటి వివరాలతో వాళ్ళకి ఇంకో రిపోర్టు ఇవ్వాలి. కార్డు తిరిగిచ్చేస్తే ఇదంతా వదులుతుంది, కానీ 15 ఏళ్ళలో 8 ఏళ్ళు కార్డు ఉన్న మనిషి ఆస్తి 2 మిలియన్ డాలర్లు దాటితే వెళ్ళిపోయే ముందు అన్నీ అమ్మేసినట్టు లెక్కేసి పన్నేస్తారు, ఇల్లూ 401కే కలిపి చూసుకోవాలి, మొగుడికీ పెళ్ళానికీ విడివిడిగా. ఆ పన్ను పడనివాళ్ళు కార్డు ఇచ్చేసి, ఇక్కడ ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉండగా అమెరికా షేర్లు అమ్ముకుంటే లాభానికి అటూ పన్ను లేదు ఇటూ లేదు. తెలిసిన వాళ్ళు చేసేది ఇదే. సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి ప్రభుత్వ పింఛను మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అమెరికాదే పన్ను, కార్డు ఇచ్చేసిన మన పౌరులకి 85 శాతం మీద 30 శాతం, అంటే 25.5 శాతం చేతికి రాకముందే కోసేస్తారు. మెడికేర్, అంటే అక్కడ పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా ఇక్కడ పనిచెయ్యదు, ఇక్కడ తీసుకునే ఇన్సూరెన్స్ ఖర్చు కూడా వేసుకోండి.

2029 మార్చి దాటాక బావగారు పూర్తి రెసిడెంటు. అక్కడున్న ప్రతి ఎకౌంటూ రిటర్నులో చూపించాలి, దాస్తే 2015 నాటి నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. 401కేలో ఏటా పెరిగినదానికి కాకుండా తీసుకున్నప్పుడే పన్ను పడేలా ఆప్షన్ ఉంది, అమెరికా, కెనడా, యూకే పింఛను ఎకౌంట్లకి, పాత చట్టంలో దాన్ని ఫారం 10ఈఈ అనేవారు. గడువు లోపల ఇవ్వాలి, ఆడిటర్‌ని అడిగి మరీ ఇప్పించుకోండి.

బ్యాంకువాడిగా ఒకటి చెప్తాను. శాశ్వతంగా వచ్చేశాక ఎన్ఆర్ఈ ఎకౌంటు ఉంచుకోకూడదు, బ్యాంకుకి చెప్పి మామూలు ఎకౌంటు కిందో ఆర్‌ఎఫ్‌సీ (తిరిగొచ్చిన వాళ్ళు డాలర్లలోనే ఉంచుకునే ఎకౌంటు) కిందో మార్పించుకోవాలి, ఎఫ్‌సీఎన్ఆర్ (ఎన్నారైగా ఉండగా డాలర్లలో వేసిన) డిపాజిట్ గడువు దాకా ఉంచుకోవచ్చు. మా బంధువు ఒకాయన వచ్చేసి ఆరేళ్ళయినా ఎవరికీ చెప్పకుండా ఎన్ఆర్ఈ ఎఫ్‌డీలు తిప్పుతూనే ఉన్నాడు, వడ్డీకి పన్ను లేదు కదా అని. నోటీసొచ్చాక ఆ పన్నూ, దాని మీద వడ్డీ, తిరగడాలూ, మనిషి సగమైపోయాడు.

ఆర్నెల్లు అటూ ఆర్నెల్లు ఇటూ

అందరికీ ఇదే ఇష్టం. మనవల దగ్గర వేసవి, మన దగ్గర చలికాలం. అక్టోబర్ 1న దిగి మార్చి 31న విమానం ఎక్కుదామంటారు, వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి, 31, 30, 31, 31, 28, 31. సరిగ్గా 182! రెసిడెంటైపోయారు. ఆర్నెల్లు అనకుండా ఐదున్నర నెలలు అనుకోండి, ఉగాదికి ముందే వెళ్ళిపోండి. జనవరి నుంచి జూన్ దాకా ఉన్నా లీపు ఏడాది కాకపోతే టాక్స్ ఇయర్‌కి 181 రోజులే పడుతుంది గానీ ఏప్రిల్ నెలలో కాలువలు కట్టేశాక, చెరువు నీళ్ళు పచ్చగా అయ్యాక, ఆ ఉక్కలో ఉండమని నేను పగవాడికి కూడా చెప్పను.

ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే 120 రోజులు చూసుకోవాలన్నాను కదా, దానికి భయపడక్కర్లేదు, 120కీ 182కీ మధ్య ఉండేవాళ్ళని రెసిడెంటన్నా ఆర్‌ఎన్‌ఓఆర్‌గానే ఉంచుతారు, అక్కడి ఆదాయం జోలికి రారు. అసలు చిక్కు ఏటా 182 దాటి ఉండేవాళ్ళది, నాలుగేళ్ళు తిరిగేసరికి 729 దాటిపోతుంది, తెలీకుండానే పూర్తి రెసిడెంటు. గ్రీన్‌కార్డు వాళ్ళకి అటువైపు కూడా ఇబ్బందే, ఆర్నెల్లు మించి బయటుంటే ఎయిర్‌పోర్టులో అడుగుతారు.

పన్ను సరే, మూసి ఉన్న ఇంటి సంగతి ఎవరూ లెక్క వెయ్యరు. మా పక్కిల్లు అలాంటిదే, పాత పెంకుటిల్లు, ఏటా నవంబర్‌లో తలుపు తీస్తారు. పోయినసారి తీసేసరికి గోడలోని చెక్క బీరువా పైకి బానే ఉంది, తలుపు లాగితే అడుగున చెదపుట్ట, దాని మీద పాస్‌బుక్కులూ, తాతగారి దస్తావేజు. కాగితం చివర స్టాంపు మాత్రం మిగిలింది. ఆర్నెల్ల మనుషులైతే అపార్ట్‌మెంటే నయం, కాగితాలు బ్యాంకు లాకర్లో పెట్టుకోండి.

గల్ఫ్ వాళ్ళకి ఇది తేలిక. కువైట్, దుబాయ్ నుంచి మన కోనసీమకీ నర్సాపురం వైపుకీ వచ్చేవాళ్ళు ఎందరో, అక్కడ పన్ను లేదు కాబట్టి అటువైపు తలనొప్పి లేదు. సర్వీసు ముగింపు డబ్బు అక్కడి ఎకౌంటులో పడ్డాకే బయల్దేరండి. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఏ దేశంలోనూ పన్ను కట్టని మన పౌరుణ్ణి ఇక్కడి రెసిడెంటుగానే చూస్తారు, అది కూడా ఆర్‌ఎన్‌ఓఆర్‌గానే, జీతం మీద పడదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి

మీకు ఆదాయపు పన్నులో ఊరు మారితే ఏమీ మారదు. పల్లెటూరికి పోతే పన్ను తగ్గుతుందని నా కొలీగొకడు గట్టిగా నమ్మేవాడు, తగ్గేది ఇంటిపన్నే. పెన్షన్ ఎక్కడైనా పెన్షనే, 75 వేల స్టాండర్డ్ డిడక్షనూ అదే. 2025 జనవరి నుంచి ఈపీఎస్ పెన్షన్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చేది) ఏ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా పడుతుంది, ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కూడా ఫోన్లోనే. తెలంగాణ బండి తెచ్చుకుంటే 12 నెలల లోపు ఇక్కడి నంబరు వేయించాలి, ఎన్ఓసీ, మళ్ళీ లైఫ్ టాక్సూ, అక్కడ కట్టిందాంట్లో మిగిలింది వెనక్కి తెచ్చుకోవడం, ఈ తిరుగుడుకి పాత కారైతే అక్కడే అమ్మేసి రండి, నేనదే చేశాను.

అసలు డబ్బు ఫ్లాటు అమ్మకంలో ఉంది. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే రెసిడెంటుకి రెండు దారులు, 12.5 శాతం ఇండెక్సేషన్ (కొన్న ధరని ధరల పెరుగుదల ప్రకారం పెంచి లెక్కెయ్యడం) లేకుండా, లేదా 20 శాతం ఇండెక్సేషన్‌తో, ఏది తక్కువైతే అది. ఎన్నారైకి ఆ రెండో దారి లేదు. పైగా 90 లక్షల ఫ్లాటు రెసిడెంటు అమ్మితే కొన్నవాడు పన్ను కింద ముందే పట్టి కట్టేది 1 శాతం, 90 వేలు. ఎన్నారై అమ్మితే తక్కువ పట్టమని ఇన్‌కంటాక్స్ వాళ్ళ దగ్గర ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద సర్‌చార్జీ సెస్సులతో 14.3 శాతం, 12 లక్షల 87 వేలు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేసరికి ఏడాది. అందుకే బావగారి మియాపూర్ ఫ్లాటు అక్టోబర్‌లో దిగగానే అమ్మొద్దన్నాను, 2027 ఏప్రిల్ దాటనివ్వమన్నాను, అప్పటికి రెసిడెంటు కాబట్టి.

లాభానికి పన్ను తప్పించుకోవడానికి ఒక దారి ఇంకో ఇల్లు కొనడం, అమ్మడానికి ఏడాది ముందు గానీ అమ్మాక రెండేళ్ళ లోపు గానీ, కట్టుకునేదైతే మూడేళ్ళ లోపు. రిటర్ను గడువుకి ఖర్చు కాని డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకం లాభం) ఎకౌంటని వేరే ఉంటుంది, అందులో వెయ్యాలి. ఇల్లు అంటే ఇల్లేనండి. మా ఊళ్ళో ఒకాయన హైదరాబాద్ ఫ్లాటు అమ్మి అంబాజీపేట దగ్గర కొబ్బరితోట కొని, అందులో మోటారు షెడ్డు ఉంది కదా ఇల్లే అన్నాడు. ఆడిటర్ తల పట్టుకున్నాడు.

చేను మక్తా, చెరువు లీజు

డెల్టాకి వచ్చేవాళ్ళలో సగం మందికి నాన్నగారి వాటా ఎంతో కొంత ఉంటుంది, దీని దగ్గరే అందరూ పొరబడతారు. సార్వా దాళ్వా వరి పండే చేను మక్తాకిస్తే, అంటే కౌలుకిస్తే వచ్చేది వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. కొబ్బరి దింపుల డబ్బూ అంతే. అదే చేను తవ్వి రొయ్యల చెరువుకి లీజుకిస్తే అది వ్యవసాయం కాదు, చట్టం దృష్టిలో చేపలూ రొయ్యలూ పంట కాదు. ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు ఈ లీజులన్నీ వ్యవసాయం అని రాసుకునేవాళ్ళని ఎందర్నో చూశాను.

లెక్క కోసం అంకెలు వేసుకుందాం. ఏడాదికి 9 లక్షల పెన్షన్, ఐదెకరాలు. వరికిచ్చి ఎకరాకి 40 వేలొస్తే ఆ 2 లక్షలకీ పన్ను లేదు, పెన్షన్ 8.25 లక్షలే మిగుల్తుంది, రిబేటులో పోతుంది, కట్టేది సున్నా. చెరువుకిచ్చి ఎకరాకి లక్ష తీసుకుంటే ఆదాయం 13.25 లక్షలు, 12 దాటింది, రిబేటు మొత్తం పోయి 81,900 కట్టాలి. అయినా చేతికి మిగిలేది చెరువులోనే ఎక్కువ, నేను కాదనను. కానీ ఒకసారి ఉప్పునీళ్ళు పెట్టిన నేల మళ్ళీ వరికి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో పక్క రైతుని అడగండి, వాడి చేను గట్టు కూడా చూడండి. నేను మా మూడెకరాలు వరికే ఉంచాను.

పొలం అమ్మేటప్పుడు కూడా దూరం ముఖ్యం. మున్సిపాలిటీ జనాభా లక్ష లోపైతే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటితే 6, పది లక్షలు దాటితే 8, అవతలున్న వ్యవసాయ భూమికే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేనిది. అమలాపురానికి 2, భీమవరానికి 6, రోడ్డు దూరం కాదు, గాల్లో కొలుస్తారు. ఎన్నారైగా ఉండగా పొలం కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కొనాలని ఉంటే వచ్చేశాకే.

ఇంక ఊరు. సాయంత్రం దాకా ఆగమన్నాను కదా. గుండె, మోకాళ్ళు, డయాలసిస్ లాంటివున్న వాళ్ళకి రాజమండ్రి, మెయిన్ లైను రైళ్ళూ మధురపూడి విమానాశ్రయమూ ఉన్నాయి, లేదా రంగరాయ మెడికల్ కాలేజీ ఉన్న కాకినాడ. అమలాపురం నాకు చాలా ఇష్టం, కానీ రైలు లేదు, 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్ళు ఇప్పటికీ ఇంటి పునాది ఎత్తు అడిగి మరీ కొంటారు. లంక ఊళ్ళు ఆగస్టులో గోదారి చూడ్డానికే బావుంటాయి. భీమవరం మధ్యస్తం, 2022 నుంచి జిల్లా కేంద్రం కూడా, ఆఫీసులన్నీ అక్కడే, నీళ్ళ రుచి మాత్రం అడక్కండి. బావగారికి స్టెంటు ఉంది. రాజమండ్రి అన్నాను, అక్క పాలకొల్లు అంది, అది ఇంకా తేల్లేదు.

తేదీ మాత్రం తేలింది. నవరాత్రులు అక్టోబర్ 11 నుంచి కాబట్టి ఇల్లు సర్దుకోవాలని అక్క 5వ తారీకే కావాలంది, ఒక్కరోజు కూడా జరగనంది. అంటే చేతిలో మిగిలింది 3 రోజులు. ఈలోగా అధిక మాసం రాకముందే మే నెల మొదట్లో మా తమ్ముడి కూతురికి ముహూర్తం పెట్టేశారు. రోజుల లెక్క ఎవరిది వాళ్ళదే కదా, అక్క పేరున అక్కడ పెద్దగా ఏమీ లేదు, అందుకని తను రెండు వారాలకి వస్తోంది, బావగారు స్నాతకం రోజున దిగి మర్నాడు పెళ్ళి చూసుకుని, మూడో రోజు రాత్రి పన్నెండు లోపు విమానం ఎక్కేస్తారు. వియ్యాలవారికి ఆఫీసు పనని చెప్దామనుకున్నాం గానీ, రిటైరయ్యారని శుభలేఖ ఇచ్చేటప్పుడే అందరికీ చెప్పేశాడు మా తమ్ముడు.